ప్రాచీన పత్రికల డిజిటల్ ప్రతులు: డిస్క్, టేపు బ్యాకప్ ప్రణాళిక - వేటపాలెం నేపథ్యం

వ్యాససంగ్రహం:
పాత పత్రికలను, గ్రంథాలను స్కాన్ చేయడంతో వాటి సంరక్షణ పూర్తయినట్లు భావించడం పరిశోధనరంగంలో సాధారణంగా కనిపిస్తుంది. స్కాన్ చేసిన దత్తాంశం కూడా నశించే స్వభావం కలదే. వేటపాలెం పరిసరాలను ఉదాహరణగా తీసుకొని, పలుచోట్ల పనిచేసే సంస్థలు డిస్క్, టేపు బ్యాకప్‌లను ఏ క్రమంలో ఏర్పరచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: బ్యాకప్, అయస్కాంత టేపు, సారస్వత నికేతనం, పునరుద్ధరణ, యూనికోడ్.

1. ఉపోద్ఘాతం:
తాళపత్రం శిథిలమయ్యేలోగా మరో ప్రతి రాయించడం తెలుగువారి పాత అలవాటు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులచేత ప్రతులు రాయించి, పాఠాలను పోల్చి పరిష్కరింపజేశాడు. అచ్చు వచ్చాక ఆ భారాన్ని గ్రంథాలయాలు స్వీకరించాయి. 1918లో వి.వి. శ్రేష్ఠి వేటపాలెంలో స్థాపించిన సారస్వత నికేతనం అటువంటిది. 1929లో గాంధీజీ అక్కడి భవనానికి శంకుస్థాపన చేశారు. 20వ శతాబ్ది తొలి దశకాల తెలుగు పత్రికల కోసం పరిశోధకులు నేటికీ ఆ ఊరికి వెళ్తుంటారు. అటువంటి నిధిని డిజిటల్ రూపంలోకి మార్చే ఏ సంస్థకైనా వర్తించే సూత్రాలను ఇక్కడ పరిశీలిద్దాం.

2. ప్రతి - బ్యాకప్ - భేదం:
ప్రతి ఉన్నంతమాత్రాన అది బ్యాకప్ కాదు. ఒకే సర్వరులో రెండు డిస్కులపై ఏకకాలంలో రాసే రెయిడ్ పద్ధతి, ఒక డిస్క్ చెడిపోతే పని ఆగకుండా చూస్తుంది. కాని పొరపాటున ఒక ఫైలును తొలగిస్తే అది రెండు డిస్కులలోనూ పోతుంది. కార్యాలయాల మధ్య ఫైళ్లను నిరంతరం సమన్వయం చేసే ఏర్పాటుకూ ఈ పరిమితి ఉంది. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల జీమెయిల్ వినియోగదారులలో సుమారు 0.02 శాతం మంది ఉత్తరాలు కనిపించకుండా పోయాయి. వేర్వేరు చోట్ల దాచిన ప్రతులకూ ఆ లోపం సోకింది. వ్యవస్థతో సంబంధం లేకుండా విడిగా ఉంచిన టేపులే చివరకు ఆ ఉత్తరాలను తిరిగి ఇచ్చాయి. అసలుకు కలిగిన హాని తనకు సోకకుండా నిలిచే ప్రతియే బ్యాకప్ అని దీనివల్ల స్పష్టమవుతుంది.

3. పరిమాణ నిర్ణయం:
ఏ-4 పుటను 300 డీపీఐ వద్ద పూర్తి రంగులలో, కుదించకుండా స్కాన్ చేస్తే సుమారు 26 మెగాబైట్లు అవుతుంది. 200 పుటల పుస్తకానికి 5.2 గిగాబైట్లు, అటువంటి 2,000 పుస్తకాలకు 10.4 టెరాబైట్లు కావాలి. సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో దీనిని ఎడతెరిపి లేకుండా పంపినా తొమ్మిదిన్నర రోజులు పడుతుంది. అందువల్ల తొలి పూర్తి ప్రతిని డిస్కులోనో, టేపులోనో చేతికిచ్చి పంపడం, ఆ తరువాతి మార్పులను మాత్రమే ఇంటర్నెట్ ద్వారా చేర్చడం ఆచరణయోగ్యం.

మార్పులను మాత్రమే భద్రపరిచే విధానాన్ని ఇంక్రిమెంటల్ బ్యాకప్ అంటారు. ఆదివారం పూర్తి ప్రతి తీసి, మిగిలిన రోజులలో ఆనాటి మార్పులను మాత్రమే దాచితే స్థలం, కాలం ఆదా అవుతాయి. కాని శుక్రవారం నాటి స్థితిని తిరిగి పొందాలంటే ఆదివారం ప్రతితోపాటు మధ్యనున్న అన్ని రోజుల ప్రతులూ కావాలి. గొలుసులో ఒక కొలికి తెగితే ఆపైన ఉన్నదాన్ని నమ్మలేం.

4. డిస్క్, టేపుల పాత్రలు:
డిస్కులో కావలసిన ఫైలు క్షణాలలో దొరుకుతుంది. అందువల్ల నిత్యం జరిగే చిన్న పొరపాట్లను సరిదిద్దుకోవడానికి అది తగినది. టేపులో వెతకడానికి సమయం పడుతుంది. అయితే రాసిన తరువాత దానిని యంత్రం నుంచి తీసి బీరువాలో పెట్టవచ్చు. నెట్‌వర్కు ద్వారా వచ్చే వైరస్ అక్కడికి చేరలేదు. ఎల్‌టీఓ-8 రకం టేపు ఒక్కటే కుదింపు లేకుండా 12 టెరాబైట్లు పడుతుంది, అంటే పై 2,000 పుస్తకాలూ అందులో ఇముడుతాయి.

టేపు మన్నినా దానిని చదివే యంత్రం మన్నాలి. ఎల్‌టీఓ-8 యంత్రం ఎల్‌టీఓ-7 టేపును చదువుతుంది, ఎల్‌టీఓ-6ను చదవలేదు. కనుక కొన్నేళ్లకొకసారి దత్తాంశాన్ని కొత్త తరం టేపులలోకి ఎక్కించే ఖర్చును తొలి ప్రణాళికలోనే చేర్చాలి. ఇది తాళపత్రానికి కొత్త ప్రతి రాయించడం వంటిదే.

5. స్థలనిర్ణయం:
మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్నది బ్యాకప్‌లో ప్రసిద్ధ సూత్రం. 'వేరే చోటు' ఏది అన్నదే అసలు ప్రశ్న. వేటపాలెంలో స్కానింగ్, తెనాలిలో సూచికల తయారీ, రేపల్లెలో పాఠపరిశీలన జరిగే ఒక పథకాన్ని ఊహిద్దాం. కాగితంపై మూడు కార్యాలయాలు ఉన్నా అవన్నీ ఒకే తుపాను పరిధిలోవి. 1977 నవంబరు 19 నాటి తుపాను దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల తీరప్రాంతాలనూ దెబ్బతీసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అందువల్ల అగ్నిప్రమాదానికి తెనాలి ప్రతి రక్షణ కాగలదు గాని, తుపానుకు హైదరాబాదు వంటి దూరప్రాంతపు ప్రతి అవసరం.

6. పునరుద్ధరణ పరీక్ష:
తిరిగి తెరిచి చూడని బ్యాకప్ నమ్మకం మాత్రమే, రక్షణ కాదు. ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ లెక్కించి సూచికలో నమోదు చేస్తే, తరువాత ఒక్క బిట్ మారినా తెలిసిపోతుంది. మూడు నెలలకొకసారి యాదృచ్ఛికంగా కొన్ని ఫైళ్లను టేపు నుంచి వేరే కంప్యూటరులోకి తెచ్చి తెరవాలి.

తెలుగు దత్తాంశానికి మరొక చిక్కు ఉంది. అను వంటి యూనికోడేతర ఫాంట్లలో టైపు చేసిన ఫైలు చెక్కుచెదరకుండా తిరిగి వచ్చినా, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. కనుక ఫాంటునూ, యూనికోడ్‌లోకి మార్చిన పాఠాన్నీ మూలంతోపాటే భద్రపరచాలి.

7. ముగింపు:
డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వెబ్‌సైటు నిలిచిపోయాక, అందులోని అనేక తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నందువల్లనే పరిశోధకులకు దక్కాయి. వేరొక సంస్థ నిర్వహణలో ఉండటమే వాటిని కాపాడింది. స్థలం, మాధ్యమం, నిర్వహణ అనే మూడింటిలోనూ అసలు నుంచి విడివడిన ప్రతి ఉన్నప్పుడే డిజిటలీకరణ సంరక్షణ అవుతుంది. ఆ ఏర్పాటు లేనిచోట, స్కాన్ అయిందన్న ధీమాతో మూల పత్రికపై శ్రద్ధ తగ్గించడం రెండింటినీ కోల్పోయే మార్గం.