నెట్‌వర్క్ కెమెరా ఫొటోలు స్లోగా వస్తున్నాయా?

ఆలూరు వైపు రైతులు పత్తి అమ్మాలంటే ఆదోని మార్కెట్ యార్డుకి పోతారు. ఆ పత్తిలో ప్లాస్టిక్ సంచి పోగులు కలిస్తే మిల్లువాళ్ళకి పెద్ద తలనొప్పి. ఆ పోగు పాలీప్రొపిలీన్, దానికి మామూలు రంగులు పట్టవు. నూలులో కలిసిపోయి, బట్టకి రంగేశాక మచ్చలా బయటపడుతుంది. అందుకే పెద్ద నూలు మిల్లుల్లో దూది పోయే దారిలో కెమెరాలు పెడతారు. వేరే పోగు కనిపిస్తే మెషిన్ గాలి కొట్టి పక్కకి తోసేస్తుంది.

దీన్నే చిన్న సైజులో ప్రాజెక్ట్‌గా చేయొచ్చు. లైనక్స్ ల్యాప్‌టాప్, గిగ్‌ఈ విజన్ కెమెరా, లాన్ కేబుల్, అరావిస్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంటే మొదలుపెట్టేయొచ్చు. చిక్కెక్కడంటే, డేటాషీట్‌లో సెకనుకి 50 ఫ్రేములని ఉంటుంది, స్క్రీన్ మీదకి ఐదారే వస్తాయి. బెల్టు సెకనుకి ఒక మీటరు కదులుతోందనుకోండి. 50 ఫ్రేములైతే ప్రతి 2 సెంటీమీటర్లకి ఒక ఫొటో. 5 అయితే 20 సెంటీమీటర్లకి ఒకటి. కెమెరాకి 10 సెంటీమీటర్లే కనిపిస్తే సగం దూదిని అది చూడనే లేదు!

ఎక్కడ ఆగుతోందో వరుసగా చూద్దాం.

మొదట ఎక్స్‌పోజర్. అది 50 మిల్లీసెకన్లుంటే సెకనుకి 20 ఫ్రేములకి మించి రావు. నెట్‌వర్క్‌లో ఏం మార్చినా లాభం లేదు. లైటింగ్ పెంచి ఎక్స్‌పోజర్ తగ్గించాలి.

రెండోది లింక్ స్పీడ్. 1920×1080 బ్లాక్ అండ్ వైట్ ఫ్రేము సుమారు 2 ఎంబీ. 1000 మెగాబిట్ల లింక్ సెకనుకి 125 ఎంబీ మోస్తుంది కాబట్టి 50 ఫ్రేములు పడతాయి. 100 మెగాబిట్లయితే 12.5 ఎంబీనే, అంటే సరిగ్గా ఐదారు ఫ్రేములు! ఇథ్‌టూల్ కమాండ్‌తో స్పీడ్ చూడండి. గిగాబిట్‌కి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కి రెండు చాలు. ఒక జత తెగినా లింక్ వెలుగుతూనే ఉంటుంది గానీ 100కి పడిపోవచ్చు. లాన్ అడాప్టర్‌ని యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టినా అంతే, అక్కడ గరిష్ఠం 480 మెగాబిట్లు.

మూడోది ప్యాకెట్ సైజు. ఎంటీయూ 1500 ఉంటే ఒక్క ఫ్రేముకి సుమారు 1,400 ప్యాకెట్లు. 9000 చేస్తే 230 చాలు, ప్రాసెసర్‌కి పని తగ్గుతుంది. కెమెరా, ల్యాప్‌టాప్, మధ్యలో స్విచ్ ఉంటే అదీ, అన్నీ 9000ని ఒప్పుకోవాలి. ఒక్కటి ఒప్పుకోకపోయినా ఫొటోలే రాకపోవచ్చు.

నాలుగోది బఫర్. ఫొటోలు యూడీపీలో వస్తాయి. ప్రోగ్రామ్ తీసుకునేలోపు బఫర్ నిండితే కెర్నల్ కొత్త ప్యాకెట్లని పారేస్తుంది. చాలా లైనక్స్‌లలో దీని డిఫాల్ట్ పరిమితి 212992 బైట్లు, మన ఫ్రేములో పదో వంతు! సిస్టమ్ సెట్టింగ్స్‌లో దాన్ని కొన్ని ఎంబీలకి పెంచాలి, ప్రోగ్రామ్ కూడా అంత బఫర్ అడగాలి. నెట్‌స్టాట్‌లో యూడీపీ రిసీవ్ బఫర్ ఎర్రర్లు పెరుగుతుంటే తప్పు ఇక్కడే. పోయిన ప్యాకెట్‌ని మళ్ళీ పంపమని అడిగే ఏర్పాటు గిగ్‌ఈ విజన్‌లో ఉంది గానీ, పదే పదే అడిగితే ఆలస్యం ఇంకా పెరుగుతుంది.

ఒకసారికి ఒక్కటే మార్చి, ఫ్రేముల లెక్క రాసుకోండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు.

ఇంకో ముఖ్యమైన మాట. ప్రతి ఫ్రేముకీ వరుస నంబర్ ఉంటుంది. మధ్యలో నంబర్ పోతే ఆ లెక్క స్క్రీన్ మీద చూపించండి. "ప్లాస్టిక్ లేదు" అనడం వేరు, "చూడలేదు" అనడం వేరు. రెండింటికీ మన ప్రోగ్రామ్ పచ్చ లైటే వెలిగిస్తే, దాన్ని నమ్మి కొన్నవాళ్ళకి అసలు సంగతి బట్టకి రంగేశాకే తెలుస్తుంది.