మొదటి ఎర్రర్ చదవండి

లినక్స్‌లో పైథాన్‌ను సోర్స్ కోడ్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడానికి మూడు దశలున్నాయి. సిస్టమ్‌లో ఏవి ఉన్నాయో, ఏవి లేవో 'కాన్ఫిగర్' తనిఖీ చేస్తుంది. 'మేక్' సి కంపైలర్‌తో ఒక్కో ఫైలునూ యంత్రభాషలోకి మార్పిస్తుంది. 'మేక్ ఇన్‌స్టాల్' తయారైన సరుకును దాని చోట పెడుతుంది. రెండో దశలో స్క్రీన్ నిండా ఎర్రర్లు వచ్చి పని ఆగిపోతే చాలామంది చివరి వరుసే చూస్తారు. అక్కడ ఉండేది 'ఎర్రర్ 1' అన్న ముక్క. ఏదో పని చెడిందని అది చెబుతుంది కానీ ఎందుకు చెడిందో చెప్పదు. పైగా ఒక్క తప్పే చాలా ఎర్రర్లకు దారితీస్తుంది: ఒక డేటా రకం ఏమిటో కంపైలర్‌కు తెలియకపోతే, దాన్ని వాడిన ప్రతి వరుసనూ తప్పుపడుతుంది. 'మేక్' ఒకేసారి పలు ఫైళ్ల మీద పనిచేస్తుంటే అసలు తప్పు ఇంకా పైకి జరిగిపోతుంది. అందుకే వెనక్కి వెళ్లి, మొట్టమొదటి ఎర్రర్‌నూ దాని పక్కనున్న ఫైలు పేరునూ వరుస నంబరునూ చదవాలి.

అదంతా ఎందుకు, ఆ మెసేజ్‌ను ఇంటర్నెట్‌లో వెతికి, దొరికిన కమాండ్ కొట్టేస్తే సరిపోదా అని అడగవచ్చు. ఒక్కోసారి సరిపోతుంది. కానీ పైకి ఒకేలా కనిపించే తప్పుకు కారణాలు వేరు కావచ్చు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ సంగతే చూడండి. అది లేకపోయినా పైథాన్ బిల్డ్ ఆగదు, ఎస్‌ఎస్‌ఎల్ మాడ్యూల్ తయారుకాలేదని చివర్లో ఒక మాట చెప్పి ముగుస్తుంది. ఆ మాట పట్టించుకోనివారికి తర్వాత పిప్‌తో ప్యాకేజీ దించుకోబోయినప్పుడు దెబ్బ తెలుస్తుంది. ఉబుంటులో అయితే సాధారణంగా లోపం హెడర్ ఫైళ్లది. ప్రోగ్రామ్ నడవడానికి లైబ్రరీ ఒక్కటి చాలు, కంపైల్ చేయడానికి హెడర్లు కూడా కావాలి. అవి పేరు చివర 'డెవ్' అని ఉండే విడి ప్యాకేజీలో వస్తాయి. సెంట్‌ఓఎస్ 7లో మాత్రం హెడర్లు పెట్టినా ఫలితం ఉండదు. పైథాన్ 3.10 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 గానీ ఆపైది గానీ కావాలి, ఆ సిస్టమ్‌తో వచ్చేదేమో 1.0.2. వీటిలో మనది ఏ కేసో 'కాన్ఫిగర్' రాసిపెట్టే 'కాన్ఫిగ్.లాగ్' ఫైలు చూస్తే తెలుస్తుంది. కొత్త లైబ్రరీ పెట్టాక 'కాన్ఫిగర్' మళ్లీ నడపాలి, లేకపోతే పాత తనిఖీ ఫలితాలతోనే బిల్డ్ సాగుతుంది.

లోపం ప్రతిసారీ లైబ్రరీదే కాదు. 2024లో వచ్చిన సి కంపైలర్ జీసీసీ 14, ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను పిలిస్తే వార్నింగ్‌తో వదిలిపెట్టకుండా ఎర్రర్ ఇస్తుంది. నిన్నటిదాకా కంపైలైన పాత సోర్స్ కోడ్, సిస్టమ్ అప్‌గ్రేడ్ తర్వాత అందువల్లే ఆగిపోవచ్చు. అప్పుడు ఎన్ని ప్యాకేజీలు పెట్టినా రోగం ఒకటి, మందు మరొకటి అవుతుంది. ఆ కోడ్‌కు సరిదిద్దిన కొత్త వెర్షనో, పాత కంపైలరో చూసుకోవాలి.

రెడీమేడ్ ప్యాకేజీలు ఉండగా ఈ శ్రమ దేనికన్నది న్యాయమైన ప్రశ్నే. రోజువారీ వాడకానికి అవే మేలు. కానీ మార్చడానికి వీల్లేని పాత సర్వర్ మీద కొత్త వెర్షన్ కావలసినవారికీ, భాష లోపలి పనితీరు నేర్చుకోవాలనుకునే విద్యార్థికీ సోర్స్ బిల్డ్ చాలాసార్లు తప్పదు. వారికి అరువు తెచ్చుకున్న కమాండ్ ఆ ఒక్క పూటకే పనికొస్తుంది. ఎర్రర్ చదవడం నేర్చుకుంటే రేపు రూబీకైనా పీహెచ్‌పీకైనా అదే విద్య అక్కరకొస్తుంది.