రెండో అక్షరం చూడండి

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో స్థిరపడిన తెలుగు పాఠకుడొకరు రాశారు: “మావాడి ఫోన్‌ని రాత్రి రౌటర్‌లో బ్లాక్ చేసి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి వాడు వీడియోలు చూస్తున్నాడు. రౌటర్ ముట్టుకోలేదని ఒట్టేస్తున్నాడు. ఇదెలా సాధ్యం?” ఈ ఉత్తరం చదివాక, ఈ నెలకు రాసిపెట్టుకున్న కృష్ణబిలాల వ్యాసం పక్కన పెట్టేశాను.

ఒట్టు నిజమే కావచ్చు. ఇంటి ఇంటర్నెట్‌కు రౌటర్ గేటులాంటిది. ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో తేల్చుకోవడానికి చాలా రౌటర్లు చూసేది ఒక్కో పరికరానికి ఉండే నంబరును, అంటే మ్యాక్ అడ్రస్‌నే. ప్రాథమిక పాఠం ఇంతటితో సరి. అసలు రుచంతా ఆ అడ్రస్‌లోనే ఉంది.

1973లో అమెరికాలోని జెరాక్స్ పరిశోధనశాలలో కంప్యూటర్లను కలిపే ఈథర్‌నెట్ పుట్టినప్పుడు యంత్రానికి 8 బిట్ల నంబరు చాలనుకున్నారు. అంటే మొత్తం 256 నంబర్లు. ఒక భవనానికి సరే, ప్రపంచానికి? తప్పు తెలుసుకుని ఏకంగా 48 బిట్లకు వెళ్లారు. అలా ఎందుకు వెళ్లాలో వివరిస్తూ 1981లో వచ్చిన పత్రం రాసిన ఇద్దరిలో ఒకరు బొంబాయి ఐఐటీలో చదివిన యోగెన్ దలాల్. 48 బిట్లంటే 281 లక్షల కోట్లకు పైగా నంబర్లు. ముందు సగం తయారీ కంపెనీది, వెనక సగం ఆ కంపెనీ ఒక్కో వస్తువుకు వేసే వరస నంబరు.

ఈ అడ్రస్‌ను 12 అక్షరాలుగా రాస్తారు: 0 నుంచి 9, ఆపైన ఎ నుంచి ఎఫ్. ఒక్కో అక్షరంలో నాలుగు బిట్లు. 70తో మొదలయ్యే అడ్రస్ ఉందనుకోండి. రెండో అక్షరం 0, అంటే 0000. కుడి చివరి బిట్, ఈ అడ్రస్ ఒక్కరిదా, గుంపుదా అన్నది చెబుతుంది (ఒక్కరిదైతే 0). దాని ఎడమ పక్క బిట్టే మన కథానాయకుడు. అది 0 అయితే అడ్రస్ ఫ్యాక్టరీలో వేసింది. 1 అయితే ఎవరో సొంతంగా పెట్టుకున్నది. దాన్ని 1 చేస్తే 0000 కాస్తా 0010 అవుతుంది, 70 కాస్తా 72 అవుతుంది. మిగతా రెండు బిట్లు ఎలా ఉన్నా ఫరవాలేదు కాబట్టి, సొంతంగా పెట్టుకున్న అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, ఎ, ఇ లలో ఏదో ఒకటే అయి తీరాలి. నలభై ఏళ్లకు ముందే వేసిపెట్టిన ఈ ఒక్క బిట్‌లో ఇవాళ మన ఫోన్లన్నీ తలదాచుకుంటున్నాయి!

తలదాచుకోవాల్సిన అవసరం ఏమొచ్చింది? ఫోన్ జేబులో ఉన్నా, తెలిసిన వైఫై కోసం చుట్టూ కేకలు వేస్తుంటుంది, అడ్రస్‌తో సహా. 2013లో లండన్‌లో చెత్తబుట్టలకు యంత్రాలు బిగించి, దారిన పోయేవాళ్ల ఫోన్లను ఈ అడ్రస్‌లతోనే లెక్కపెట్టారు. గోల కావడంతో నగర పాలకులు ఆపించారు. తర్వాత ఫోన్లే తెలివి మీరాయి. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 ఒక్కో వైఫైకి ఒక్కో సొంత అడ్రస్ చూపడం మొదలుపెట్టాయి.

ఇలా రెండు గుర్తింపులు పెట్టుకోవడం చంద్రపూర్ వాసులకు కొత్తేమీ కాదు. అదే జిల్లా జివతి తాలూకాలో, తెలంగాణ సరిహద్దున, రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్న కుటుంబాలున్నాయి. మహారాజ్‌గూడలో ఒక ఇల్లయితే సరిహద్దు గీతకు అటు కొంత, ఇటు కొంత. అబ్బాయి ఫోన్‌దీ అదే వైభోగం. తండ్రి ఆపింది 72తో మొదలయ్యే కార్డును అనుకుందాం. వైఫై సెట్టింగ్స్‌లో ‘ప్రైవేట్ అడ్రస్’ మీట నొక్కితే చాలు, ఫోన్ 70 కార్డు చూపించి దర్జాగా లోపలికి నడుస్తుంది.

ఇలా అడ్రస్ చూసి ఆపే మ్యాక్ ఫిల్టర్ పెడితే ఇంటికి తాళం వేసినట్టేనని ఏళ్ల తరబడి చెప్పినవాళ్ల మీద నాకు కోపం. పాస్‌వర్డ్ మన డేటాను కప్పుతుందే గానీ అడ్రస్‌ను కప్పదు. గాలిలో పోయే ఆ నంబరును పక్కింటి లాప్‌టాప్ చదవగలదు, తనదిగా పెట్టుకోగలదు. చేరవేతకు పుట్టిన చిరునామాను గుర్తింపు కార్డు అనుకోవడమే మొదటి పొరపాటు.

ఇక మందు అడుగుతారు కాబట్టి, ఇది తాళం కాదని గుర్తుపెట్టుకునే, చెబుతున్నాను. నిషేధ జాబితా చింపేయండి, అనుమతి జాబితా పెట్టండి. ఇంటి వైఫై వరకు అందరి ఫోన్లలో ప్రైవేట్ అడ్రస్ ఆపి, ఫ్యాక్టరీ అడ్రస్‌లు మాత్రమే రౌటర్‌లో రాయండి. పిల్లల ఫోన్లకు వేళలు పెట్టే సదుపాయం ఉంటే ఆ అడ్రస్‌కే పెట్టండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కొన్ననాటిదే అయితే ముందు అది మార్చండి. ఇంత చేశాక వాడు సిమ్ డేటా ఆన్ చేస్తే రౌటర్ ఏమీ చేయలేదు. ఆ సంగతి తండ్రీకొడుకులు భోజనాల దగ్గర తేల్చుకోవలసిందే.