పెద్దలను అప్పగించే ముందు ఏమి చూడాలి?

2022 వేసవిలో మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా మారింది. ఆసుపత్రి నుండి వచ్చిన తరువాత ఆరు వారాలు ఇంటి వద్దనే చూసుకున్నాము. నేను, మావారు ఇద్దరమూ ఉద్యోగస్థులము. మా అత్తగారికి డెబ్భై రెండేళ్ళు. ఆరడుగుల మనిషిని పక్కకు త్రిప్పడం మా శక్తికి మించిన పని అయినది. చివరకు హైదరాబాదు శివార్లలో, మంచం పట్టిన వృద్ధులను చూసే ఒక నర్సింగ్ హోమ్‌లో చేర్పించాము. అక్కడ నేను చూసినవి తళతళలాడే చలువరాతి నేల, గోడకు టీవీ, ద్వారం వద్ద వైద్యుల పేర్ల పట్టిక. అడిగినది నెలకు ఎంత అని మాత్రమే.

పందొమ్మిదవ రోజున, దుప్పటి మార్చమని నేను పట్టుబట్టగా, నడుము క్రింది ఎముక మీద అరచేయంత పుండు బయటపడింది. అంతవరకు దానిని ఎవరూ గమనించలేదు.

నాన్నగారు విశ్రాంత ఉపాధ్యాయులు. ఆయుర్వేద గ్రంథాల మీద మక్కువ ఎక్కువ. ఆయన బీరువాలోని చరకసంహితను ఆ రోజులలోనే నేను మొదటిసారి శ్రద్ధగా చదివాను. సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగే. సేవ చేసే పద్ధతి తెలియడం, పనిలో నేర్పు, రోగి పట్ల అనురాగం, శుచిత్వం. పదిహేనవ అధ్యాయంలో చికిత్సాగృహం ఎట్లుండాలో వర్ణన ఉన్నది. గాలి ఆడాలి కాని ఈదురుగాలి తగలరాదు. పొగ, ఎండ, దుమ్ము చేరరాదు. రోగిని స్నానం చేయించగల, లేపి కూర్చోబెట్టగల, ఏ పనికీ విసుక్కోని మనుషులు ఉండాలి. పాటలు, కథలు తెలిసినవారు కూడా ఉండాలట! నేను కట్టడాన్ని, వైద్యుల పేర్లను చూశాను. రాత్రీ పగలూ నాన్నగారి ప్రక్కన ఉండే మనిషిని మాత్రం చూడలేదు.

రెండవసారి వెతుకులాటకు అత్తగారిని వెంట తీసుకుని వెళ్ళాను. ముందుగా కబురు చేయకుండా, రాత్రి భోజనాల వేళ, అందులోనూ ఆదివారం నాడు వెళ్ళాము. సిబ్బంది తక్కువగా ఉండేది అప్పుడే. ఒకచోట గడప దాటగానే ఫినాయిలు ఘాటు ముక్కు పగలగొట్టింది. "ఇంత ఫినాయిలు దేనిని కప్పడానికే అమ్మాయీ?" అన్నారు అత్తగారు. ఆమె చూపు నేరుగా రోగుల గోళ్ళ మీదికి, పెదవుల మీదికి, మంచినీళ్ళ గ్లాసు మీదికి పోయేది. గ్లాసు నిండుగానే ఉన్నది. కాని పడిపోయిన చేతి వైపు పెట్టి ఉన్నది!

అన్నం తినిపించడం చూస్తే పనితనం తెలిసిపోతుంది. పక్షవాతం వచ్చినవారికి మ్రింగడం కష్టమవుతుంది. నిటారుగా కూర్చోబెట్టి, ముద్ద మ్రింగిన తరువాతనే మరొక ముద్ద పెట్టాలి. తిన్న తరువాత కనీసం అరగంట పడుకోబెట్టరాదు. లేకుంటే ఆహారం ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియా రావచ్చును. ఒక ఆయా నలుగురికి వరుసగా, పడుకోబెట్టే, గబగబా జావ పోయడం మా కంటబడింది. అక్కడి నుండి వెంటనే వెనుదిరిగాము.

రెండు గంటలకొకసారి పక్కకు త్రిప్పుతారా అని అడిగితే అందరూ త్రిప్పుతామనే అంటారు. వ్రాసిన పుస్తకం చూపమని అడగాలి. ఒకచోట రాత్రి ఎనిమిది గంటలకే మరునాటి ఉదయం ఆరు వరకు గడులన్నీ నింపి ఉన్నవి! రాత్రివేళ ఎందరు రోగులకు ఒక మనిషి ఉంటారో కూడా అడగండి. పగలంతా మగతగా ఉన్నవారు ఎక్కువగా కనిపిస్తే, ఏ మందులు ఇస్తున్నారో చీటీ చూపమనడానికి మొహమాటపడకండి.

ఇక్కడ నా పొరపాటు కూడా చెప్పుకోవాలి. ఇంటి వద్ద ఉన్నప్పుడే నాన్నగారి నడుము క్రింద చర్మం కందినట్లు కనిపిస్తే, మంచిదనుకుని రోజూ నువ్వులనూనెతో గట్టిగా రుద్దాను. అభ్యంగనం మేలైనదే. కాని ఒత్తిడికి కందిన చోట రుద్దరాదు, లోపలి కణజాలం మరింత దెబ్బతింటుంది. వ్రేలితో నొక్కి వదిలినా ఎఱ్ఱదనం తగ్గకపోతే అది పుండుకు నాంది. మన చామనఛాయ చర్మంలో ఎఱ్ఱదనం తెలియకపోవచ్చును. వేడిగా, గట్టిగా ఉన్నదేమో, రంగు ముదిరిందేమో తాకి చూడాలి. మడమలు, తుంటి, నడుము క్రింది ఎముక ముఖ్యమైన చోట్లు. పుండు పడిన తరువాత ఇంటి చిట్కాలతో కాలయాపన చేయకండి. గాలిపరుపు ఉన్నా త్రిప్పడం మానరాదు. ఆ పుండు ఆ నర్సింగ్ హోమ్‌లో మొదలైనదో, మా ఇంటిలోనే మొదలైనదో నాకు ఈనాటికీ నిశ్చయంగా తెలియదు.

ఆరవ చోటు పాత పెంకుటిల్లు. టీవీ లేదు. అక్కడి ఆయా ఒక ముసలమ్మగారిని పక్కకు త్రిప్పబోతూ, "మామ్మగారూ, ఇప్పుడు త్రిప్పుతున్నానండీ" అని చెప్పి, క్రింద పరచిన దుప్పటితో మరొకరి సాయంతో మెల్లగా త్రిప్పింది. ఈడ్వలేదు. అత్తగారు నా చేయి నొక్కారు. జూలైలో నాన్నగారిని అక్కడికి మార్చాము. శస్త్రవైద్యుడు చెడిన భాగం తొలగించారు. రోజు విడిచి రోజు కట్లు, పూటపూటా పప్పు, పెరుగు, గ్రుడ్డు. దీపావళి నాటికి పుండు మానింది.

ఇప్పటికీ ఆదివారం వెళ్ళగానే ముందు దుప్పటి తొలగించి మడమలు చూస్తాను. మొదట్లో ఆ ఆయా నొచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఇప్పుడు నేను గదిలోకి రాగానే తానే దుప్పటి ప్రక్కకు తీసి, "ముందు చూసుకోండమ్మా, తరువాత మాట్లాడుకుందాం" అంటుంది.