ఇంట దీపము లారినపుడు

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి గ్రామములలో ధర పెరుగువరకు పత్తిని ఇంటిలోనే నిలువచేయు రైతులు పలువురు కలరు. మిరపకాయల కల్లమునకు రాత్రి కాపలాకై ఇంటినుండి తీగ లాగి దీపము పెట్టువారును కలరు. ఇట్టి యిండ్లలో విద్యుద్దోషము చీకటితోనే పోవునది కాదు. ఏడాది పంటయు, ఒక్కొక్కపుడు ప్రాణమును పోవును. కావున దోషమును వెదకు క్రమమును మన విద్యార్థు లెరిగియుండుట మేలని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దీప మారగనే మొదట వీధిని చూడవలయును. వీధియంతయు చీకటియైనచో దోషము వెలుపలిది. స్తంభ మెక్కుటయు, ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజులు ముట్టుటయు మన పని కాదు. 1912 అను సంఖ్యకు ఫోను చేసి తెలుపవలయును. మన యిల్లొక్కటియే చీకటియైనచో మీటరు వద్దనున్న స్విచ్చిని, ఒక గదియే యైనచో ఆ గది ఫ్యూజును, ఒక పరికరమే యైనచో ఆ పరికరమును అనుమానింపవలయును.

ఎం.సి.బి. స్విచ్చి క్రిందికి పడినపుడు దానిని వెంటనే ఎత్తరాదు. పరికరముల నన్నిటిని సాకెట్లనుండి తీసి, పిదప స్విచ్చి నెత్తి, ఒక్కొక్కదానిని మరల తగిలింపవలయును. దేనిని తగిలించినపుడు స్విచ్చి పడునో దోషము దానియందే యున్నది. ఏదియు తగిలింపకయే పడినచో దోషము గోడలోని తీగలది, ఎలక్ట్రీషియనును పిలువవలయును.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని కొందరు దానికి లావుపాటి రాగితీగ చుట్టుదురు. ఇంతకన్న అపాయకరమైన పని లేదు. ఫ్యూజు మన యింటి కావలివాడు. ప్రవాహము మితిమీరినపుడు తాను కరగి తక్కిన తీగలను కాపాడును. 2000 వాట్ల నీళ్ల హీటరు 230 వోల్టుల వద్ద సుమారు 9 ఆంపియర్లు తీసికొనును. దానిని 6 ఆంపియర్ల సాకెట్టునకు తగిలించినచో సాకెట్టు కాగిపోవును. లావుతీగ కరగదు గనుక దానికి బదులు గోడలోని తీగ కాలును. ప్రక్కనే పత్తికుప్ప యున్నచో తరువాతి సంగతి చెప్ప నక్కరలేదు.

కొన్ని యిండ్ల దీపములు మసకబారి, మరికొన్ని యిండ్లవి అతిగా వెలుగుచున్నచో వీధిలో న్యూట్రలు తీగ తెగినదని యెరుగవలయును. రెండు ఫేజుల నడుమ సుమారు 400 వోల్టు లుండును. న్యూట్రలు లేనిచో అందు పెద్దభాగ మొక యింటిపైనే పడవచ్చును. తక్షణమే మెయిన్ స్విచ్చి ఆపి, పైని చెప్పిన సంఖ్యకు తెలుపవలయును.

ఫ్రిజ్జును ముట్టినపుడు చేయి జివ్వుమనినచో లోపల విద్యుత్తు కారుచున్నదనియు, ఎర్తు సరిగా లేదనియు తెలియవలయును. మన నల్లనేల వానకు ఉబ్బి, ఎండకు బీటలువారును. వేసవిలో ఎర్తు గుంట యెండినచో కడ్డీకిని నేలకును పొందిక తప్పును. అందుచేత గుంటలో నీరు పోయుచుండవలయును. అయినను ఫ్రిజ్జు బాగుపడువరకు దానిని వాడరాదు.

కల్లమునకు లాగు తీగలో అతుకు లుండరాదు. తడినేలపై దానిని పరవరాదు. ఎవరికైన విద్యుత్తు తగిలినచో ముందు స్విచ్చి ఆపవలయును. ఆపక ఆ మనిషిని ముట్టరాదు.

సెలవులకు ఇండ్ల కేగు మన విద్యార్థులు తమ యింటి ఫ్యూజులో నున్న తీగ యెట్టిదో పెద్దలచేత చూపించుకొని, అది లావుతీగయైనచో తగిన తీగను వేయింతురు గాక యని మా కోరిక.