రన్ బటన్ వెనుక గ్రేడిల్: మీ యాప్ ఎవరి ల్యాప్‌టాప్‌లోనైనా బిల్డ్ అవ్వాలంటే?

ఆండ్రాయిడ్ స్టూడియోలో రన్ బటన్ నొక్కితే యాప్ ఫోన్‌లోకి వచ్చేస్తుంది. కానీ అదే ప్రాజెక్ట్‌ను ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేస్తే స్క్రీన్ నిండా ఎర్రర్లు! "నా దగ్గర బాగానే నడుస్తోంది కదరా" అంటే ఫైనల్ ఇయర్ డెమోలో మార్కులు పడవు.

పాతబస్తీలో నలుగురు స్టూడెంట్స్ కలిసి, ఫలక్‌నుమా ఎంఎంటీఎస్ రైళ్ల టైమింగ్స్ చూపించే యాప్ చేస్తున్నారనుకుందాం. శాలిబండలో ఉన్నవాడిది విండోస్. చాంద్రాయణగుట్టలో ఉన్నవాడిది సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, అందులో ఉబుంటు. కోడ్ అందరికీ ఒకటే. మరి బిల్డ్?

ఇదివరకు రెండు వంటిళ్లు

ఆండ్రాయిడ్ స్టూడియో రాకముందు యాప్స్‌ను ఎక్లిప్స్‌లో, ఏడీటీ ప్లగిన్‌తో చేసేవాళ్లు. ఎక్లిప్స్ తన సొంత పద్ధతిలో బిల్డ్ చేసేది. కమాండ్ లైన్ నుంచి చేయాలంటే ఆంట్ అనే వేరే టూల్. ఎక్లిప్స్ సెట్టింగ్స్‌లో యాడ్ చేసిన లైబ్రరీ సంగతి ఆంట్‌కు తెలియకపోవచ్చు. అందుకే ఒకచోట సాఫీగా అయిన బిల్డ్ ఇంకోచోట ఆగిపోయేది.

2013 గూగుల్ ఐ/ఓలో ఆండ్రాయిడ్ స్టూడియోను ప్రకటించారు. 2014 డిసెంబర్‌లో 1.0 వచ్చింది. 2015 చివరికల్లా ఏడీటీకి సపోర్ట్ ఆపేశారు. ఇందులో అసలు మార్పు ఎడిటర్ కాదు. స్టూడియో తన సొంత బిల్డ్ పెట్టుకోకుండా ఆ పని మొత్తం గ్రేడిల్‌కు అప్పగించింది.

ఇరానీ హోటల్ లెక్కన చెప్పాలంటే స్టూడియో వెయిటర్, గ్రేడిల్ వంటిల్లు. టేబుల్ దగ్గర ఆర్డర్ ఇచ్చినా, పార్సిల్ అడిగినా వండేది ఒక్కచోటే. ప్రాజెక్ట్ ఓపెన్ చేయగానే జరిగే 'సింక్' అంటే, ఏయే మాడ్యూల్స్, ఏయే లైబ్రరీలు ఉన్నాయో స్టూడియో గ్రేడిల్‌ను అడిగి తెలుసుకోవడం. రన్ నొక్కితే గ్రేడిల్ ఏపీకే తయారుచేస్తుంది, స్టూడియో దాన్ని ఫోన్‌లోకి ఎక్కిస్తుంది.

ర్యాపర్‌ను వదలొద్దు

ఈ ఏర్పాటు అందరి దగ్గరా ఒకేలా పనిచేయాలంటే గ్రేడిల్ వెర్షన్ కూడా ఒకటే ఉండాలి. దానికోసమే ర్యాపర్. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో 'గ్రేడిల్‌డబ్ల్యూ' అనే స్క్రిప్ట్, విండోస్ కోసం దాని బ్యాట్ ఫైల్, 'గ్రేడిల్' ఫోల్డర్ లోపల 'ర్యాపర్' ఫోల్డర్ కనిపిస్తాయి. ఏ వెర్షన్ కావాలో ర్యాపర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో రాసి ఉంటుంది. ఆ వెర్షన్ లేకపోతే స్క్రిప్టే డౌన్‌లోడ్ చేసుకుంటుంది. ఫ్రెండ్ విడిగా గ్రేడిల్ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. కాబట్టి ఇవన్నీ, ర్యాపర్ జార్ ఫైల్‌తో సహా, గిట్‌లో ఉండాల్సిందే. మొదటిసారి 100 ఎంబీకి పైగా డౌన్‌లోడ్ అవుతుంది కాబట్టి మొబైల్ డేటా వాడేవాళ్లు ముందే చూసుకోండి.

గిట్‌లో పెట్టకూడనిది లోకల్ ప్రాపర్టీస్ ఫైల్. అందులో మీ ల్యాప్‌టాప్‌లో ఆండ్రాయిడ్ ఎస్‌డీకే ఎక్కడుందో రాసి ఉంటుంది. ఆ అడ్రస్ ఇంకొకరికి పనికిరాదు. రిలీజ్ సైనింగ్ కీ, దాని పాస్‌వర్డ్ కూడా గిట్‌లోకి వెళ్లకూడదు.

8 జీబీ ర్యామ్ వాళ్లకు

గ్రేడిల్ పని అయిపోయాక కూడా డీమన్ రూపంలో ర్యామ్‌లో ఉండిపోతుంది, తర్వాతి బిల్డ్ త్వరగా అవ్వడానికి. స్టూడియో తనతో వచ్చిన జేడీకేను, టెర్మినల్ 'జావా హోమ్'లో ఉన్న ఇంకో జేడీకేను వాడితే రెండు డీమన్లు లేస్తాయి. అప్పుడు 8 జీబీ ల్యాప్‌టాప్ మూలుగుతుంది. సెట్టింగ్స్‌లో బిల్డ్ టూల్స్, అందులో గ్రేడిల్‌కు వెళ్లి 'గ్రేడిల్ జేడీకే' ఏదో చూడండి. జావా హోమ్‌ను కూడా దానికే పెట్టండి. ఆండ్రాయిడ్ గ్రేడిల్ ప్లగిన్ 8.0 నుంచి జేడీకే 17 తప్పనిసరి అని కూడా గుర్తుంచుకోండి.

వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఎందుకు ఎక్కదు?

రన్ బటన్‌తో తయారైన ఏపీకేకు 'టెస్ట్ ఓన్లీ' అనే గుర్తు పడుతుంది. అది ఏడీబీ ద్వారా మాత్రమే ఇన్‌స్టాల్ అవుతుంది. దాన్ని ఫ్రెండ్‌కు పంపితే ఫోన్ తీసుకోదు. షేర్ చేయాలంటే బిల్డ్ మెనూలోంచి ఏపీకే తయారుచేయండి. లేదా టెర్మినల్‌లో గ్రేడిల్‌డబ్ల్యూ స్క్రిప్ట్‌కు 'అసెంబుల్‌డీబగ్' అనే టాస్క్ ఇవ్వండి. ఇదే టాస్క్‌ను గిట్‌హబ్ యాక్షన్స్‌లో రాసుకుంటే, ఎవరు కోడ్ పుష్ చేసినా సర్వర్ మీద బిల్డ్ దానంతటదే నడుస్తుంది. ఎవరి మార్పుతో బిల్డ్ పగిలిందో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

డెమోకు ముందు ఈ టెస్ట్ చేయండి

స్టూడియో మూసేయండి. ప్రాజెక్ట్‌ను గిట్ నుంచి కొత్త ఫోల్డర్‌లోకి క్లోన్ చేయండి. అక్కడ లోకల్ ప్రాపర్టీస్ ఉండదు కాబట్టి, 'ఆండ్రాయిడ్ హోమ్' వేరియబుల్‌లో ఎస్‌డీకే అడ్రస్ ఇవ్వండి. తర్వాత టెర్మినల్ నుంచి అసెంబుల్‌డీబగ్ నడపండి. ఏపీకే రాకపోతే, ఏదో ఒక ఫైలో సెట్టింగో గిట్‌లోకి రాకుండా మీ మెషీన్‌లోనే ఉండిపోయిందన్నమాట. ఎర్రర్ చదివి దాన్ని పట్టుకోండి. వచ్చిందంటే మాత్రం, డెమో రోజు మీ ల్యాప్‌టాప్ మొరాయించినా పక్కవాడి దాంట్లో పని కానిచ్చేయొచ్చు.