సంతానసంఖ్యయు శాసనమును

గ్రామపంచాయతి ఎన్నికలలో నామినేషను పత్రములను పరిశీలించు దినమున అభ్యర్థి బిడ్డల పుట్టినతేదీలపై వాదోపవాదములు జరుగుట మన పల్లెలలో 30 ఏండ్లపాటు వింతగాని విషయమై యుండెను. ప్రత్యర్థి జననపత్రమును దెచ్చును. అభ్యర్థి బడి రిజిస్టరును జూపును. మూడవ బిడ్డ యెవరి బిడ్డ యను ప్రశ్న వచ్చును. కన్నతల్లి యింటిలోనే యుండును. ఆమె నడుగువారు లేరు.

ఈ వివాదమునకు మూలము 1994వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పంచాయతిరాజ్ చట్టము. ఇద్దరు బిడ్డలకంటె ఎక్కువ గలవారు స్థానికసంస్థలకు పోటీచేయరాదని అది విధించెను. చట్టము వచ్చిన యేడాదిలోపల గలిగిన సంతానమును విడిచి, 1995 మే నెలాఖరు తరువాతి కాన్పులకే అనర్హత నంటగట్టిరి. పురపాలక సంఘములకును ఇట్టి నియమమే వచ్చెను. శాసనసభకుగాని పార్లమెంటునకుగాని ఇది లేదు. చట్టము చేయువారి బిడ్డల నెవరును లెక్కింపలేదు.

ఆ చట్టమే స్త్రీలకు మూడవవంతు స్థానములను ప్రత్యేకించెను. విస్తరి వేసి కూర్చుండబెట్టి, వడ్డనవేళకు లేపినట్లయినది. మూడవ కాన్పును కావలెననుటకుగాని వలదనుటకుగాని మన యిండ్లలో కోడలికి ఎంతటి స్వాతంత్ర్యము గలదో గృహస్థులైన పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. మగబిడ్డ కావలెనను అత్తమామల యాశకు లొంగి ప్రసవించిన ఆమెయే అనర్హురాలగును. హర్యానా నియమమును గూర్చిన జావేద్ వ్యాజ్యమున 2003లో ఈ వాదము సుప్రీంకోర్టు ముందుకు వచ్చెను. ఇష్టములేని మూడవ బిడ్డను గనవలసినంత నిస్సహాయలు భారతస్త్రీలు కారని తలంచి న్యాయస్థానము చట్టమును నిలబెట్టెను. బిడ్డను దత్తత కిచ్చినను అనర్హత తొలగదనియు తేల్చెను. దత్తత మాట సరియైనదే. మొదటి మాట చదువుకొని జీతము దెచ్చు కొందఱు స్త్రీల యెడ నిజము కావచ్చునుగాని, వంటింటి గడప దాటి పంచాయతి గడప త్రొక్కజూచిన స్త్రీ యెడ నిజము కాదని మా యభిప్రాయము.

మాజీ ప్రభుత్వాధికారిణి నిర్మలా బుచ్ గారు ఆంధ్రప్రదేశముతో గూడ ఐదు రాష్ట్రములలో ఈ నియమఫలితములను పరిశోధించి 2005లో ప్రకటించిరి. పదవికొఱకు భార్యను విడిచినవారు, బిడ్డ తనది కాదన్నవారు, గర్భస్రావము చేయించినవారు, బిడ్డను పరులకిచ్చి దాచినవారు అందు కనబడిరి. కుటుంబమును చక్కబెట్టవచ్చిన శాసనము చేసిన సంసారపు చిక్కులివి.

జననములు తగ్గినది ఈ చట్టమువలననే యందురా? కేరళమునను తమిళనాటను ఇట్టి నియమము లేకయే మనకంటె ముందుగ తగ్గెను. మన రాష్ట్రమున ఆ భారము మోసినది స్త్రీ దేహమే. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి ఆంధ్రప్రదేశమున వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది సంతాననిరోధక శస్త్రచికిత్స చేయించుకొన్నవారు. పురుషులు నూటికొక్కరైనను లేరు. ఒక్కొక్క స్త్రీకి సంతానపు సగటు 1.7కు దిగెను.

అంతట దొరతనమువారి మనసు మారెను. 1997లో జనాభా విధానమును ప్రకటించి పరిమిత కుటుంబమును బోధించిన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారే, 2024 అక్టోబరులో, ఇద్దఱికంటె ఎక్కువ బిడ్డలున్నవారికే పోటీహక్కు నిచ్చు చట్టమును యోచించుచున్నట్లు చెప్పిరి. నవంబరులో శాసనసభ పాతనియమమును రద్దుచేసెను. రద్దు మాకు సమ్మతమే. కాని పదవికై విడువబడిన భార్యకు ఆ బిల్లులో చోటులేదు. ఇక మూడవ బిడ్డను గనుమనువారు ఒక లెక్క చూచుకొందురు గాక: 2022లో సవరింపబడిన కేంద్రపు మాతృవందన పథకము మొదటి కాన్పునకు 5,000 రూపాయలును, రెండవ కాన్పున ఆడపిల్ల పుట్టినచో 6,000 రూపాయలును ఏర్పఱచెను. మూడవ కాన్పునకు అందొక పైసయైనను లేదు.